బల్లయొద్ద కనిపెట్టుకొనుట

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 11:17–34



ఆకలిగొన్న మనుష్యునికి ఆలస్యమంత కష్టమైనది మరియొకటి లేదు. ఎండలో నడుచుటకు ఓర్చుకొనును, బరువు మోయుటకు ఓర్చుకొనును. అయితే అన్నము కన్నుల యెదుట కనబడుచు, దాని వాసన ముక్కునకు తగులుచుండగా, “నీ వంతు ఇంకను రాలేదు, ఆగుము” అనిన యెడల ఎంత నెమ్మదిగలవాని ముఖమైనను మారిపోవును. పెండ్లి పందిరిలో మొదటి బంతి లేవకముందే రెండవ బంతివారు వచ్చి వెనుక నిలువబడుట మీరందరు చూచినదే. మనుష్యుని లోపలనున్నది బయటపడు స్థలములలో భోజనపు బంతి యొకటి. మన ప్రభువు కూడ అనేక గొప్ప సంగతులను బల్లయొద్దనే బోధించెను. పరిసయ్యుని యింట బల్లయొద్ద బోధించెను, జక్కయ్య యింట అతిథిగా నుండెను, తాను అప్పగింపబడిన రాత్రి శిష్యులతో బల్లయొద్దనే కూర్చుండెను.

ఈ నెల ధ్యానమునకు ఒక దూరదేశపు భోజనశాలను సాదృశ్యముగా తీసికొందము. అక్కడ బల్లకొరకు కనిపెట్టుకొనిన వారి సంగతి మన బంతుల సంగతిని మనకు చూపించును.

హాంకాంగులోని టీ శాల

చీనా దేశపు దక్షిణ భాగమున కాంటను అను గొప్ప పట్టణము కలదు. నేడు దానిని గ్వాంగ్‌జౌ అని పిలుచుచున్నారు. దాని దిగువను సముద్రతీరమున హాంకాంగు ఉన్నది. ఆ ప్రాంతపు ప్రజలు ఉదయము మొదలుకొని మధ్యాహ్నము దాటువరకు టీ శాలలలో కూడుకొని, టీ త్రాగుచు చిన్న చిన్న ఫలహారములు తినుదురు. ఆ అలవాటునకు ‘యమ్ చా’ అని పేరు. టీ త్రాగుట అని దాని అర్థము. ఆ ఫలహారములను ‘డిమ్ సమ్’ అందురు. ఆ పేరు వ్రాయు రెండు అక్షరములకు హృదయమును తాకునది అని అర్థము చెప్పుదురు.

మన కుడుములవలెనే వాటిలో ఎక్కువ భాగము ఆవిరిమీద ఉడికించినవే. వెదురుతో చేసిన చిన్న గుండ్రని బుట్టలలో పెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి, క్రింద నీళ్లు మరిగించి ఆవిరి పట్టింతురు. పలుచని పిండిపొరలో రొయ్యలు పెట్టి మడిచినది ‘హార్ గౌ’. పందిమాంసము, రొయ్యలు కలిపి, పైభాగము మూయకుండ పిండిపొరలో చుట్టినది ‘సియూ మై’. కాల్చిన తీపి పందిమాంసమును లోపల పెట్టిన తెల్లని మెత్తని రొట్టె ‘చార్ సియూ బావ్’. ఒక్కొక్క బుట్టలో మూడో నాలుగో మాత్రమే యుండును. కాబట్టి ఒంటరిగా పోయినవాడు రెండు రకములతోనే తృప్తిపడవలెను. పదిమంది కలిసి పోయిన యెడల పది రకములు పంచుకొని తినవచ్చును. ఇది పంచుకొనుటకే యేర్పడిన భోజనము.

పూర్వము పనివారు ఈ బుట్టలను బండ్లమీద పేర్చుకొని, బల్లల మధ్య త్రోసికొనుచు, పేర్లు కేకవేయుచు తిరిగెడివారు. నేడు అనేక శాలలలో ఆ బండ్లు పోయి, కాగితముమీద గుర్తు పెట్టి యిచ్చు పద్ధతి వచ్చినది. కొన్నిచోట్ల మాత్రము బండ్లు ఇంకను తిరుగుచున్నవి.

ఆదివారమున ఈ శాలలు క్రిక్కిరిసి యుండును. తాత అవ్వలు మొదలుకొని చంటిబిడ్డల వరకు కుటుంబమంతయు వచ్చి పెద్ద గుండ్రని బల్ల చుట్టు కూర్చుండుట అక్కడివారికి పరిపాటి. ముందుగా వచ్చినవారు గుమ్మమునొద్ద అంకె వేసిన చీటీ తీసికొని, తమ అంకె పిలుచువరకు నిలిచియుండవలెను. చీటీ పద్ధతి లేని పాత శాలలలోనైతే, భోజనము ముగించుచున్న వారెవరో కనిపెట్టి, వారి కుర్చీ వెనుకనే పోయి నిలువబడుదురు. వారు లేచిన క్షణమే వీరు కూర్చుందురు.

మన ప్రాంతపు సంఘములో బాప్తిస్మము పొంది, సరకుల ఓడలో ఉద్యోగము చేయుచున్న యౌవనస్థుడొకడు సెలవుమీద ఇంటికి వచ్చినప్పుడు, ఇట్టి శాలలో తనకు జరిగిన సంగతి నాతో చెప్పెను. తన పేరు వ్రాయవద్దనెను గనుక వ్రాయను. అతని మాటలు అతడు చెప్పిన రీతినే వినుడి.

“అయ్యగారూ, ఆ రోజు ఆదివారం. రాత్రంతా ఓడలో కాపలా డ్యూటీ చేసి, పొద్దున్న ఏమీ తినకుండా ఆరుగురం ఒడ్డుకు దిగాం. పదకొండు గంటలకు మాకు చీటీ ఇచ్చారు. ఒంటిగంట దాకా పిలవలేదు. మా తరువాత వచ్చినవాళ్లు మా కళ్లముందే లోపలికి పోయి కూర్చుంటున్నారు. అడిగితే మా చీటీ చూసి చేయి ఊపుతారుగాని, వాళ్ల భాష మాకు తెలియదు, మా భాష వాళ్లకు తెలియదు. అన్నిటికంటే మాకు మండింది ఇంకొకటి. గుమ్మం పక్కనే పెద్ద గుండ్రటి బల్ల, ఎనిమిది కుర్చీలు. ఆ బల్లకు ఒక్కడే ముసలాయన. ముందర ఒక టీ కూజా, చేతిలో ఒక పేపరు. తినడు, లేవడు. మా ఆరుగురికీ సరిగ్గా సరిపోయే బల్ల అది. ఆయన్ని చూస్తూ ఒక గంట నిలబడ్డాం అయ్యగారూ.”

“తరువాత ఏమైంది బాబూ?” అని నేనడిగితిని.

“పన్నెండు దాటాక ఆయన మనుషులు వచ్చారు. కర్ర పట్టుకొని ముసలమ్మ, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు. ఆయన లేచి ముందు ముసలమ్మను కూర్చోబెట్టాడు. కూజా తీసుకొని అందరి గిన్నెల్లోనూ టీ పోశాడు, తన గిన్నెలో ఆఖరున పోసుకొన్నాడు. అప్పుడుగాని తిండికి కాగితం రాయలేదు. అప్పుడు చూశాం, బల్లమీద ఒక్క బుట్ట కూడా లేదు. పొద్దుటినుంచి ఆయన ఒక్క ముక్క తినలేదు.”

నిలువబడినవారి శోధన

ప్రియులారా, ఈ వృత్తాంతములో రెండు విధములైన కనిపెట్టుట యున్నది. గుమ్మమునొద్ద నిలువబడిన ఆరుగురు బల్లకొరకు కనిపెట్టుచుండిరి. బల్లయొద్ద కూర్చున్న వృద్ధుడు మనుష్యులకొరకు కనిపెట్టుచుండెను. ఇరువురికి ఆకలియున్నది, ఇరువురికి గడియారము ఒకటే. అయితే ఆ రెంటి మధ్య ఎంత దూరమున్నదో ఆలోచించుడి.

మొదట నిలువబడిన వారి సంగతి చూతము. వారికి రెండు శోధనలు కలిగెను. మొదటిది, తమ తరువాత వచ్చినవారు తమకంటె ముందు పిలువబడుట. దాని కారణము వారికి పిమ్మట తెలిసెను. అనేక శాలలలో చీటీలు మనుష్యుల లెక్కనుబట్టి యిత్తురు. ఇద్దరికి సరిపడు చిన్న బల్లలకు ఒక వరుస, నలుగురికి ఒక వరుస, పెద్ద కుటుంబములకు మరియొక వరుస. ఇద్దరు కూర్చుండు బల్ల ఖాళీయైన యెడల, ఇద్దరుగా వచ్చినవారే పిలువబడుదురు. ఆరుగురిని అక్కడ కూర్చుండబెట్టుట యెట్లు? ముందుగా పిలువబడినవాడు వీరి స్థలమును దొంగిలించలేదు. అది వీరి బల్ల కాదు.

మన బ్రదుకులలో ఈ గొణుగుడు ఎంత తరచుగా వినబడును! “నాకంటె వెనుక వచ్చినవానికి ఇల్లు వచ్చినది, నాకు రాలేదు. నా బిడ్డకంటె చిన్నదానికి సంబంధము కుదిరినది, నా బిడ్డకు కుదరలేదు. నిన్న మొన్న రక్షణ పొందినవానికి సంఘములో పేరు వచ్చినది.” పేతురు కూడ యోహానును చూచి, ఇతని సంగతి యేమిటని ప్రభువు నడిగెను. దానితో నీకేమి పని, నీవు నన్ను వెంబడించుమని ప్రభువు అతనికి ప్రత్యుత్తరమిచ్చెను (యోహాను 21:20–22). దేవుని చేతిలోని చీటీల వరుస మనకు కనబడదు. ఒకని అంకె పిలువబడినంత మాత్రమున మన అంకె కొట్టివేయబడలేదు.

రెండవ శోధన ఇంకను లోతైనది. ఆకలితో నిలువబడినవాని కంటికి కూర్చున్నవాడు మనుష్యుడుగా కనబడడు, అడ్డముగా కనబడును. ఆ యౌవనస్థులు ఒక గంటసేపు ఆ వృద్ధుని చూచిరి. అయినను ఆయన బల్లమీద బుట్ట లేదని చూడలేదు. ఆయన మాటిమాటికి గుమ్మమువైపు చూచెనేమో, అదియు గమనించలేదు. వారు చూచినది ఖాళీ కుర్చీలను మాత్రమే. ఆకలి కన్నులను పెద్దవి చేయును గాని చూపును చిన్నది చేయును. తప్పు ఆ బిడ్డలది మాత్రమే కాదు, ఇది ఆదాము సంతానమంతటికిని ఉన్న బలహీనత. రేషను దుకాణమునొద్ద, ఆసుపత్రి వరండాలో, నీళ్ల కుళాయియొద్ద మనము చూచుచున్నది ఇదియే. ముందు నిలువబడిన ముసలమ్మ మనకు ముసలమ్మగా కనబడదు, మన వంతును ఆలస్యము చేయు బిందెగా కనబడును.

కూర్చున్నవారికి ఆజ్ఞ

ఇప్పుడు కొరింథు సంఘమునకు వత్తము. ఈ అధ్యాయపు చివరను అపొస్తలుడైన పౌలు, భోజనమునకు కూడి వచ్చునప్పుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టవలెనని ఆజ్ఞాపించుచున్నాడు. ఈ ఆజ్ఞను ఎవరికి ఇచ్చెనో మీరెప్పుడైన ఆలోచించితిరా? లోకములో ఆగుమని చెప్పుట ఎప్పుడును నిలువబడిన వానికే. బీదవాడు ఆగవలెను, కూలివాడు ఆగవలెను, విధవరాలు ఆగవలెను. అయితే పౌలు ఈ మాట చెప్పినది నిలువబడినవారితో కాదు, కూర్చున్నవారితో. ముందుగా వచ్చి, బల్లయొద్ద స్థలము సంపాదించి, గిన్నె యెదుట పెట్టుకొనినవారితో, మీరు ఆగుడి అని చెప్పుచున్నాడు.

దీని కారణము గ్రహించుటకు ఆనాటి పరిస్థితి తెలియవలెను. కొరింథులోని విశ్వాసులకు దేవాలయపు కట్టడము లేదు. కొంచెము కలిగినవారి యిండ్లలో కూడుకొనుచుండిరి. గాయియు అను సహోదరుడు సంఘమంతటికి ఆతిథ్యమిచ్చెనని రోమా పత్రిక చివర వ్రాయబడియున్నది. ఆనాటి ధనవంతుల యిండ్లలో భోజనపు గది చిన్నది. మూడు పరుపు బల్లలు వేసి, ఒక్కొక్క దానిమీద ముగ్గురు చొప్పున 9 మంది ఆనుకొని తినుట వాడుక. మిగిలినవారు బయట ముంగిటనే యుండవలెను. మరియు ఆదివారము అప్పుడు సెలవు దినము కాదు. దాసులు, కూలివారు, ఓడరేవులో బరువులు మోయువారు ప్రొద్దు క్రుంకి యజమానుడు విడిచిపెట్టిన తరువాతనే రాగలరు. తీరికగలవారు ముందుగా వచ్చి, తాము తెచ్చుకొనిన మంచి భోజనమును తాము తినివేయుచుండిరి. కూలివారు వచ్చు వేళకు గిన్నెలు ఖాళీ. ఒకడు ఆకలితో నుండెను, మరియొకడు త్రాగి మత్తుగా నుండెను. అటువంటి దానిని ప్రభువు రాత్రి భోజనమని పిలువ వీలులేదని పౌలు కఠినముగా చెప్పెను. లేనివారిని సిగ్గుపరచుట దేవుని సంఘమును తిరస్కరించుటయే అనెను.

చూచితిరా, పౌలు వారిమీద మోపిన నేరము దొంగతనము కాదు. వారు ఎవరి అన్నమును లాగికొనలేదు. తమ అన్నమునే తాము తినిరి. వారి దోషమెల్ల ఆగకపోవుటయే. ఆ కొద్ది గడియల తొందరలో ప్రభువు శరీరమును వారు గుర్తింపక పోయిరి.

మన తెలుగు బైబిలులో ఈ చోట వాడబడిన ‘కనిపెట్టుకొను’ అను మాట ఎంత చక్కనిది! ఎదురుచూచుట అని దాని కొక అర్థము. మన పల్లెలలో మరియొక అర్థము కూడ నున్నది. “ముసలి తల్లిని కొంచెం కనిపెట్టుకొని ఉండమ్మా” అని పొలమునకు పోవు కొడుకు పొరుగింటి ఆమెతో చెప్పును. అనగా చూపు ఆమెమీద నుంచుము, ఆమెకేమి కావలెనో గ్రహించుము అని భావము. గ్రీకు భాషలోని మూలపదమునకును ఎదురుచూచుట, చేర్చుకొనుట అను రెండు భావములు కలవని పండితులు చెప్పుదురు. కాబట్టి పౌలు చెప్పిన కనిపెట్టుట గడియారము చూచుకొను కనిపెట్టుట కాదు. రాని సహోదరునిమీద చూపు నిలుపు కనిపెట్టుట.

లూకా 16వ అధ్యాయములోని ధనవంతుని జ్ఞాపకము చేసికొనుడి. లాజరు అతని వాకిట పడియుండి, బల్లమీదనుండి పడు ముక్కలకొరకు ఆశించెను. ధనవంతుడు అతనిని కొట్టెనని గాని, తరిమెనని గాని వ్రాయబడలేదు. ప్రతిదినము బల్లయొద్ద కూర్చుండెను, ప్రతిదినము వాకిట చూడకపోయెను. అంతే. కనిపెట్టకపోవుట అతనిని నరకమునకు తీసికొనిపోయెను.

హాంకాంగులోని ఆ వృద్ధుడు ఏ దేవుని కొలుచునో మనకు తెలియదు. అయినను అతడు చేసిన పని మనకు పాఠముగా నున్నది. బల్ల అతనికి దొరికినది. టీ యెదుట నున్నది. బుట్టలు ఆవిరి గ్రక్కుచు ప్రక్కనే పోవుచున్నవి. తిని లేచిపోయిన అడుగువాడు లేడు. అయినను తనవారు వచ్చువరకు అతడు ముట్టలేదు. ఆ దేశములో ఇది వాడుకయే. ఇంటి పెద్ద పెందలకడ పోయి బల్ల సంపాదించి, మిగిలినవారు వచ్చువరకు టీ మాత్రము త్రాగుచు ఉండును. తనవారికొరకు మనుష్యులు ఇంత చేయగా, ప్రభువు శరీరమందు అవయవములైన మనము ఒకరికొరకు ఒకరము ఏమి చేయవలెను? సంఘములో ‘తనవారు’ అనగా ఎవరు?

మన బంతులు

ప్రియులారా, కనిపెట్టుకొనుట యేమో మనకు ఎవరును నేర్పనక్కరలేదు. మనలో అనేకుల తాతలు తరతరములుగా నిలువబడినవారే. గొప్పవారి యింట పెండ్లియైన యెడల, బంతులన్నియు లేచిన తరువాత, దొడ్డిగుమ్మము బయట, దూరముగా, తపేళా చేతపట్టుకొని ప్రొద్దెక్కిన మొదలు ప్రొద్దు వాలువరకు నిలువబడిరి. అడుగున మిగిలినది దూరమునుండి పోయుదురు. ఆ నిలువబడుట మన యిండ్లలోని ముసలివారికి ఇంకను జ్ఞాపకమున్నది. వారి కడుపు అప్పటి ఆకలిని మరచినను, మనస్సు ఆ సిగ్గును మరువలేదు.

అట్టివారిని ప్రభువు తన బల్లయొద్దకు పిలిచెను. అది ఎట్లు జరిగెనో మన దేశపు సంఘచరిత్ర చెప్పుచున్నది. 1866లో ఎఱ్ఱగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆయన మాదిగ కులములో పుట్టిన భక్తుడు. పిమ్మట ఆయన సాక్ష్యమువలన ఒంగోలు ప్రాంతపు పల్లెలలో అనేకులు ప్రభువువైపు తిరిగిరి. అప్పుడు ఒంగోలులోని పై కులములవారు కొందరు క్లౌ దొరగారియొద్దకు వచ్చి, మీరు వీరిని చేర్చుకొనిన యెడల మేము రాము అనిరి. దొరగారును దొరసానిగారును వేర్వేరుగా ప్రార్థించుచు బైబిలు తెరువగా, ఇద్దరికిని ఒకే భాగము దొరికెనని దొరగారు తన జీవితచరిత్రలో తెలిపిరి. అది 1 కొరింథీయులకు 1వ అధ్యాయము 26వ వచనము మొదలుగా గల భాగము. లోకములో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనెనని అందులో నున్నది. వారు సందేహింపక ఆ బీదలను చేర్చుకొనిరి.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి యిచ్చిరి. ఆ దినములలో బాప్తిస్మము కోరినవారు అనేకులు. అయితే అన్నముకొరకే వచ్చిరని యెవరును అనకుండునట్లు, కరవు సహాయము ముగియువరకు వారిని ఆగుమనిరి. వారు ఏడాదికి పైగా ఆగిరి. పంచిపెట్టుట ఆగిపోయిన తరువాతను వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమియ్యబడెను. ఆ దినమున బాప్తిస్మమిచ్చినవారు దొరలు కారు, మన దేశపు బోధకులు ఆరుగురు, ఇద్దరి చొప్పున నీళ్లలోనికి దిగి ఇచ్చిరి. బయట నిలువబడినవారు లోపల కూర్చున్న దినమది. ఇంకను చోటున్నదని లూకా 14వ అధ్యాయపు ఉపమానములోని దాసుడు తన యజమానునితో చెప్పిన మాట ఆ దినమున మన దేశములో నెరవేరెను.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. నిలువబడినవారి మనుమలమైన మనము, కూర్చుండుట నేర్చుకొన్న తరువాత, ఎవరిని నిలువబెట్టుచున్నాము?

క్రిస్మసు ప్రేమవిందులోను, కోతపండుగలోను మొదటి బంతి ఎవరిది? చందా ఎక్కువ వ్రాసినవారిదా? పట్టణములనుండి కారులలో వచ్చిన బంధువులదా? సంఘపెద్దలదా, పాదిరిదా? కలుపు తీసి, కాళ్లు కడుగుకొని, చంటిబిడ్డను చంకనెత్తుకొని చీకటిపడి వచ్చు చెల్లెలికి ఏ బంతి మిగులును? ఆమెకు పులుసులో ముక్క దొరకునా, అడుగంటిన అన్నము దొరకునా? కొన్ని గ్రామములలో ఈ పేటవారొక బంతి, ఆ పేటవారొక బంతి అని వినుట మిక్కిలి విచారకరము. ఒకే రొట్టె విరిచి, విస్తరిని మాత్రము వేరు చేసికొనిన యెడల, పౌలు మనకు వ్రాయు పత్రిక కొరింథునకు వ్రాసిన దానికంటె మెత్తగా నుండదు.

కాబట్టి మన సంఘములలో చేయదగిన కొన్ని సులువైన పనులను మనవి చేయుచున్నాను.

మొదటిది, ప్రేమవిందులో మొదటి బంతి ముసలివారికి, విధవరాండ్రకు, బిడ్డతల్లులకు, దూరమునుండి నడిచి వచ్చినవారికి ఉండవలెను. పాదిరియు పెద్దలును నడుము కట్టుకొని వడ్డింపవలెను, కడపటి బంతిలో తినవలెను.

రెండవది, ఇంకను రానివారి భాగమును మొదటి బంతి వడ్డింపకముందే తీసి మూతపెట్టవలెను. మిగిలినది దాచుట కనిపెట్టుట కాదు. ముందుగా తీయుటయే కనిపెట్టుట.

మూడవది, నాట్ల దినములలోను కోతల దినములలోను ప్రభురాత్రి భోజనపు ఆరాధనను కూలికి పోయినవారు వచ్చు వేళకు పెట్టవలెను. అరగంట ఆలస్యమైన యెడల తొందరపడక, వారు వచ్చువరకు ఒక కీర్తన పాడుకొనవచ్చును. వారు గుమ్మములో అడుగుపెట్టునప్పుడు మన ముఖములు చిట్లింపక, వారికొరకే ఆగితిమని తెలియునట్లు వారిని చేర్చుకొనవలెను.

నాల్గవది, ఇంటిలోను ఇట్లే చేయవలెను. అందరికి వడ్డించి, చివరకు గిన్నె గీచుకొని తిను తల్లిని, కోడలిని ఒక్క దినమైనను మనము కనిపెట్టి, వారితో కూడ కూర్చుండవలెను. ఆకలి ఓర్వలేనివాడు ఇంటివద్ద కొంచెము తిని రావచ్చునని పౌలు సెలవిచ్చుచున్నాడు. ఆకలి పాపము కాదు. ఇతరుని ఆకలి తెలియకపోవుట పాపము.

ఇక ఇంకను నిలువబడియున్న సహోదరీ సహోదరులారా, మీ అంకె ఇంకను పిలువబడలేదని క్రుంగిపోవద్దు. కూర్చున్నవారిని చూచి మనస్సు చేదు చేసికొనవద్దు. మీకు కనబడని ఆకలి వారికిని ఉండవచ్చును. మిమ్మును ఎవరు మరచినను, మీకొరకు బల్ల సిద్ధపరచినవాడు మరువడు.

వడ్డించు ప్రభువు

ఆ టీ శాలలలో ఒక మర్యాద కలదు. కూజా ఎత్తినవాడు మొదట ఇతరుల గిన్నెలు నింపి, కడపట తన గిన్నె నింపుకొనును. టీ పోయించుకొనినవాడు మాటలాడుచున్నను ఆపక, వ్రేళ్లు మడిచి బల్లమీద మెల్లగా తట్టును. అది వందనము. ఈ వాడుకను గూర్చి వారొక కథ చెప్పుకొందురు. 18వ శతాబ్దములో చీనా దేశమును ఏలిన చియెన్‌లుంగ్ చక్రవర్తి మారువేషముతో దేశసంచారము చేయుచు, ఒక టీ శాలలో తన సేవకునికి తానే టీ పోసెనట. రాజు పోసిన టీకి సేవకుడు సాష్టాంగపడవలెను. పడిన యెడల రాజెవరో బయటపడును. గనుక ఆ సేవకుడు తన వ్రేళ్లను మోకాళ్లవలె మడిచి బల్లమీద వంచెనట. అది కథయే. అయినను రాజు చేతితో దాసుని గిన్నె నిండుట ఎంత ఆశ్చర్యమో మనుష్యులు మరువలేక ఇంతకాలము చెప్పుకొనుచున్నారు.

మనకున్నది కథ కాదు, సత్యము. రాజులకు రాజైనవాడు మారువేషము వేసికొనక, దాసుని రూపమునే నిజముగా ధరించుకొని వచ్చెను. బల్లయొద్దనుండి లేచి, తువాలు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగెను. తన శరీరమును విరిచి యిచ్చెను, తన రక్తమును పోసి యిచ్చెను. ఆ రాత్రి యూదా కొరకును, బొంకబోవు పేతురు కొరకును బల్లయొద్ద స్థలముంచెను. అంతేకాదు, కనిపెట్టుచున్న దాసులు ధన్యులని లూకా 12:37లో ఆయన సెలవిచ్చెను. యజమానుడు వచ్చునప్పుడు తానే నడుము కట్టుకొని, వారిని భోజనమునకు కూర్చుండబెట్టి, తానే వారికి ఉపచారము చేయునని వాగ్దానమిచ్చెను.

ప్రియులారా, అటువంటి యజమానుని బల్లకు పిలువబడినవారము మనము. దేవుడే మన రాకకొరకు ఎంతకాలము కనిపెట్టెనో తెలిసికొనినవాడు, తన సహోదరునికొరకు అరగంట కనిపెట్టుటకు విసుగుకొనడు. ఈ నెలలో మీ సంఘములో బల్ల పరచబడునప్పుడు, రొట్టె ముట్టకముందు ఒక్కసారి తలయెత్తి గుమ్మమువైపు చూడుడి. ఇంకను ఎవరు రాలేదో చూడుడి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, బయట నిలువబడిన మమ్మును నీ బల్లయొద్ద కూర్చుండబెట్టినందుకు స్తోత్రములు. కూర్చున్న మేము నిలువబడినవారిని మరువకుండునట్లు మా కన్నులు తెరువుము. మా బంతులలోని భేదములను తీసివేయుము. అలసి ఆలస్యముగా వచ్చువారికొరకు ప్రేమతో ఆగు మనస్సు మాకు దయచేయుము. ఇంకను తమ వంతుకొరకు కనిపెట్టుచున్న బీదలను, రోగులను, విధవరాండ్రను, దూరదేశములలో సముద్రముమీద పనిచేయు మా బిడ్డలను నీవే కనిపెట్టి కాపాడుము. నీ కుమారుడు తానే వడ్డించు ఆ గొప్ప విందునందు మేమందరము ఒకే బంతిని కూర్చుండు భాగ్యము అనుగ్రహించుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.